అన్నం వడ్డిస్తే వాణిజ్యమా?

అయ్యా,

నిత్యాన్నదాన సంస్థలకు ఆస్తి పన్ను మినహాయింపు విషయం 'పరిశీలనలో ఉంది' అని అధికారులు సెలవిచ్చినట్లు పది రోజుల కిందట మీ పత్రికలో చదివాను. ఊరుకుందామనే అనుకున్నాను. మూడేళ్లుగా మాకూ అదే మాట చెబుతున్నారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

పెద్దాసుపత్రి వెనక వీధిలో మిత్రులం కొందరం కలిసి, రోగులకు తోడు వచ్చినవారికి రోజూ మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, చారు పెడుతున్నాం. పైసా తీసుకోం. ఆస్తి పన్ను డిమాండ్ నోటీసులో మాత్రం మా భోజనశాల 'వాణిజ్య భవనం'. కొలతలకు వచ్చిన ఉద్యోగి గాడిపొయ్యి, గుండిగలు చూసి హోటలని రాసుకుపోయారట. హోటలైతే గల్లాపెట్టె ఎక్కడని అడగాలని ఆయనకు తోచలేదు! 2021లో ఆస్తి విలువను బట్టి పన్ను వేసే పద్ధతి వచ్చాక, ఆసుపత్రి వీధిలో స్థలం ధర పెరగడం కూడా మా నేరమే అయింది. పన్ను తిరిగి లెక్కించమని రివిజన్ పిటిషన్ పెట్టాం. దస్త్రం కదలదు, వడ్డీ ఆగదు.

చట్టం చూపించమంటే చూపించారు. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టం, 88వ సెక్షన్. అద్దె తీసుకోని సత్రాలకు పన్ను లేదు. దిక్కులేనివారికి, పశువులకు ఆశ్రయమిచ్చే ధర్మస్థలాలకూ లేదు. అన్నం పెట్టడమన్న మాట అందులో లేదు కనుక కుదరదన్నారు. అంటే ముసలి ఆవులను నాలుగింటిని కట్టేసుకుంటే మినహాయింపు, నాలుగు వందల మందికి విస్తళ్లు వేస్తే పన్ను! సత్రమంటే పడకా భోజనమూ కలిసే ఉండే రోజుల్లో పెరిగినవారు రాసిన చట్టమది. ఆ రెండింటినీ విడదీసి చదివే మేధావులు పుడతారని పాపం వారు ఊహించి ఉండరు.

మినహాయింపు ఇస్తే దొంగ ట్రస్టులు పుట్టుకొస్తాయట. నిజమే, ధర్మసంస్థ అని బోర్డు కట్టి కల్యాణమండపం అద్దెలు దండుకునేవారున్నారు. వారి జోలికి ఎవరు వెళ్లారు? కేంద్రం 2018లో సేవాభోజ్ పథకం పెట్టి, నెలకు 5000 మందికి తగ్గకుండా ఉచితంగా భోజనం పెట్టే ధార్మిక సంస్థలకు బియ్యం, పప్పు, నూనెల మీద తన వాటా జీఎస్టీ తిరిగి ఇస్తానంది. అలాంటి నిబంధనే, అధికారులారా, మీరూ పెట్టండి, వచ్చి విస్తళ్లు లెక్కపెట్టుకోండి. నాయకుల పుట్టినరోజున కూడలినిండా కట్టే అన్నదానం ఫ్లెక్సీలకు రుసుము ఎవరు కట్టారో కూడా ఆ చేత్తోనే చూడండి.

అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ గారి పేరు 2024లో బడి భోజనానికి పెట్టుకున్నాం, సంతోషం. లంకల గన్నవరంలో ఆ తల్లి పొయ్యి ఇప్పుడు వెలుగుతూ ఉంటే, ఏ పంచాయతీ ఉద్యోగో వచ్చి వాణిజ్యమని రాసుకుపోయేవాడు కాడా?

సెక్షన్‌లో 'ఆశ్రయం' పక్కన 'భోజనం' అని ఒక్క మాట చేర్చడానికి ఎన్ని పరిశీలనలు కావాలో తెలియదు. వచ్చే అర్ధ సంవత్సరం నోటీసు మాత్రం వేళకే వస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్టుమాస్టరు,
గోదావరి తీరం నుంచి