కొల్హాపురి అని బోర్డు పెడితే సరిపోతుందా?

సంపాదకుల వారికి,

దసరా ముందు మా ఊళ్లో పెట్టిన హస్తకళల ఎగ్జిబిషన్‌లో ‘ఒరిజినల్ కొల్హాపురి’ అన్న బోర్డు చూసి ఒక జత చెప్పులు కొన్నాను. ఒక్క వానకే అడుగు విచ్చుకుంది. పైన రెగ్జిన్, లోపల అట్టముక్క. అసలు తోలైతే తడిసి బిగుసుకున్నా, ఆరాక కాస్త ఆముదం రాస్తే మళ్లీ దారికొస్తుంది.

మహారాష్ట్రలోని కొల్హాపూర్ మహాలక్ష్మి దర్శనానికి వెళ్లినప్పుడు అసలైనవి కుట్టడం చూశాను. తుమ్మచెక్క, కరక్కాయలతో పదును చేసిన గేదె తోలు. ఒకావిడ సన్నటి తోలు పోగుల్ని జడ అల్లినట్టు అల్లుతోంది. పక్కన ఆయన అడుగుకు ఆరెతో బెజ్జం చేసి తోలు దారంతోనే కుడుతున్నాడు. ఒక్క మేకు లేదు.

ఈ చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మహారాష్ట్రలో నాలుగు, కర్ణాటకలో నాలుగు జిల్లాల్లో చేసినవాటికే ఆ పేరు చెల్లుతుంది. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్ షోలో అచ్చం అలాంటివే చూపిస్తే దేశమంతా గొడవైంది. ఆ గొడవ న్యాయమైనదే. ఆ ఒత్తిడి వల్లే డిసెంబరులో ఆ రెండు రాష్ట్రాల ప్రభుత్వ తోలు సంస్థలతో ఒప్పందం కుదిరింది. ఇక్కడి చేతిపనివాళ్లతో 2,000 జతలు చేయిస్తామని, జత దాదాపు 800 యూరోలకు అమ్ముతామని ప్రాడా ప్రకటించింది. కానీ భౌగోళిక గుర్తింపు ముఖ్యంగా కాపాడేది పేరునే. ఆ పేరునే మన ఊళ్లలో రెగ్జిన్ మీద రాసి అమ్ముతుంటే ఎవరూ అడగడం లేదు. ప్రాడా మీద వచ్చిన కోపంలో పావు వంతైనా ఇక్కడ రావద్దా?

అధికారులకు నా విన్నపం ఒకటే. ప్రభుత్వ స్థలాల్లో పెట్టే ఎగ్జిబిషన్లలో ‘కొల్హాపురి’ అని అమ్మాలంటే గుర్తింపు కాగితం చూపించాలని నిబంధన పెట్టండి. మహారాష్ట్ర తోలు సంస్థ ఇప్పటికే క్యూఆర్ కోడ్ తెచ్చింది. ఫోన్‌తో స్కాన్ చేస్తే తెలిసిపోతుంది, పెద్ద పనేం కాదు.

మన కిర్రుచెప్పుల సంగతి కూడా చూడండి. మా తాతకు కుట్టిచ్చిన పెద్దాయన పురికొసతో పాదం కొలిచి, ఉంగటం బొటనవేలికి సరిగ్గా పట్టేలా బిగించేవాడు. తాత వీధి మలుపు తిరుగుతుంటే కిర్రుమనే చప్పుడుకే మేం పుస్తకాలు పట్టుకునేవాళ్లం. ఆ పెద్దాయనను మాత్రం మా అరుగు ఎక్కనిచ్చేవారు కాదు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం. ఆయన కొడుకు ఇప్పుడు బస్టాండు దగ్గర తెగిన ప్లాస్టిక్ చెప్పులు కుడుతున్నాడు. తండ్రి ఆరె, తోలు కోసే రంపె ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి. తోలు ఇప్పించి, నేర్చుకునే పిల్లలకు స్టైపెండ్ ఇస్తే నేర్పుతానంటున్నాడు. ఆయనకు అరవై దాటాయి. మన రాష్ట్ర తోలు పరిశ్రమల సంస్థ ఈ శిక్షణను ఈ ఏడాదే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కరీంనగర్