నందలూరు లోకోషెడ్డు చరిత్రను ఇప్పుడైనా నమోదు చేయాలి

సంపాదకులకు,

అయ్యా,

కడప నుంచి రేణిగుంట వైపు రైలులో వెళ్లే నేటి యువతకు నందలూరు అంటే సౌమ్యనాథస్వామి గుడి ఉన్న ఊరు, చెయ్యేటి ఒడ్డున ఒక చిన్న స్టేషన్, అంతే. ఒకప్పుడు ఆ ఊరు రైల్వే మీదే బతికింది. పట్టాలకు ఒక పక్క షెడ్డు, మరో పక్క క్వార్టర్లు, పొద్దస్తమానం ఇంజన్ల కూతలు. మూతపడిన ఆ ఆవిరి ఇంజన్ల షెడ్డు చరిత్రను, అక్కడ పనిచేసినవారు మన మధ్య ఉండగానే రాసిపెట్టుకోవాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మద్రాసు రైల్వే కంపెనీ 1856లో రాయపురం నుంచి మొదలుపెట్టిన ప్రయాణం, మన జిల్లా మీదుగా సాగి 1871లో రాయచూరు చేరింది. అక్కడ బొంబాయి నుంచి వచ్చిన పట్టాలతో కలవడంతో, రెండు మహానగరాల మధ్య రాకపోకలు కడప నేల మీదుగా సాగడం మొదలైంది. 1908లో ఈ మార్గం మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి, 1951లో దక్షిణ రైల్వేకు, 1977 అక్టోబరు 2న గుంతకల్లు డివిజన్‌తో పాటు దక్షిణ మధ్య రైల్వేకు మారింది. యాజమాన్యాలు మారినా, ఆవిరి ఇంజన్లు నడిచినంతకాలం నందలూరు ప్రాముఖ్యం తగ్గలేదు.

అంత పెద్ద షెడ్డు ఈ ఊళ్లోనే ఎందుకు పెట్టారో తెలియాలంటే ఆవిరి ఇంజన్ స్వభావం తెలియాలి. అది కొంత దూరం పోగానే ఆగి నీళ్లు పట్టుకోవాలి, బొగ్గు నింపుకోవాలి, పొయ్యిలో పేరుకున్న బూడిదను గుంతలోకి దించాలి. నీళ్లు ఉప్పువైతే బాయిలర్ గొట్టాల లోపల పొలుసు కడుతుంది, వేడి అందదు, బొగ్గు అదనంగా కాలుతుంది, ఇంజన్ తరచూ మరమ్మతుకు వస్తుంది. బావి నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉండే మన సీమలో చెయ్యేటి నీళ్లు బాయిలర్‌కు పనికొచ్చాయని, అందుకే షెడ్డు ఇక్కడికి వచ్చిందని పాత ఉద్యోగులు చెప్పేవారు. ఈరోజు ఆ ఏరు ఉన్న తీరు చూసిన వారికి ఈ మాట నమ్మశక్యం కాకపోవచ్చు.

మా నాన్నగారు ఆ షెడ్డులో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసే మనిషిగా పనిచేశారు. డ్యూటీ వేళకు ఇంత అని లేదు. సిబ్బందిని డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ అర్ధరాత్రి చేతిలో లాంతరు, చంకలో రిజిస్టరు పెట్టుకుని క్వార్టర్ ముందు నిలబడి పేరు పెట్టి పిలిచేవాడు. నాన్న నిద్రకళ్లతోనే లాంతరు వెలుగులో సంతకం చేసేవారు. అమ్మ లేచి సద్ది డబ్బా కట్టి ఇచ్చేది. తిరిగి వచ్చినప్పుడు ఆయన కనురెప్పల అంచున బొగ్గు నలుపు కాటుకలా ఉండేది, ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. బూడిద గుంతల దగ్గర సగం కాలిన బొగ్గులు ఏరుకుని కుంపట్లకు వాడుకున్న ఇళ్లు మా వీధిలో చాలా ఉండేవి. మెయిలు బండి వచ్చి ఇంజన్ మారే ఆ కొద్దిసేపట్లోనే ప్లాట్‌ఫాం మీద టీ, దోసెలు, అరటిపండ్లు అమ్ముకుని పిల్లల్ని చదివించిన కుటుంబాలు నాకు తెలుసు. షెడ్డు జీతాలు పడిన రోజున అంగళ్లన్నీ కిటకిటలాడేవి.

ఆవిరి ఇంజన్ల తయారీ మన దేశంలో 1972లో ఆగిపోయింది. మధ్యలో ఆగనక్కరలేని డీజిల్ ఇంజన్లు వచ్చాక, నీళ్ల కోసం, బొగ్గు కోసం నిలవవలసిన ఊళ్లన్నీ ఒక్కొక్కటిగా వెలవెలబోయాయి. ఆ మార్పును నేను తప్పుపట్టడం లేదు. నాన్నగారి ఊపిరితిత్తులు అనుభవించినది చూసినవాణ్ణి గనుక, నిప్పు ముందు నిలబడి టన్నుల కొద్దీ బొగ్గు ఎత్తిపోసే బతుకు మరెవరికీ వద్దనే అంటాను. నా బాధంతా, ఆ మనుషుల పేర్లు కూడా మిగలకుండా పోతున్నాయని. షెడ్డుకు బదులుగా మరో రైల్వే పరిశ్రమ కావాలని ఊరివారు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ కోరిక న్యాయమైనది, అది నెరవేరాలి. అయితే చరిత్రను నమోదు చేయడానికి పరిశ్రమ వచ్చేదాకా ఆగవలసిన పని లేదు.

ఆగడం వల్ల ఏమవుతుందో 2021 నవంబరులో కళ్లారా చూశాం. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడు పట్టాలే కొట్టుకుపోయాయి. నాన్నగారితో కలిసి పనిచేసిన ఒక పెద్దాయన ఇంట్లో ట్రంకుపెట్టె నిండా ఉన్న పాత డ్యూటీ కాగితాలు, షెడ్డు ముందు అందరూ కలిసి దిగిన ఫోటో ఆ బురదలో కలిసిపోయాయి. ఆ ఫోటోలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో వరుసగా చెప్పగలిగిన ఆ ఒక్క మనిషీ మరుసటి ఏడాది కన్నుమూశారు.

హరియాణాలోని రేవాడిలో పాత ఆవిరి ఇంజన్ల షెడ్డును బాగుచేసి, ఇంజన్లను నడిచే స్థితిలో ఉంచి, జనానికి చూపిస్తున్నారు. నందలూరుకు అంత పెద్ద ఏర్పాటు వెంటనే సాధ్యం కాకపోవచ్చు. షెడ్డుకు సంబంధించి మిగిలిన కట్టడాలను ఇక కూల్చకుండా ఆపడం, వాటి కొలతలు, ఫోటోలు తీయించడం, స్టేషన్‌లో ఒక గది కేటాయించి పాత లాంతర్లు, పారలు, రిజిస్టర్లు ఎవరి ఇంట ఉంటే వారి నుంచి సేకరించి పెట్టడం రైల్వే శాఖకు భారం కాదు. జిల్లాలోని చరిత్ర విద్యార్థులు విశ్రాంత డ్రైవర్ల, ఫైర్‌మన్ల, క్లీనర్ల, ఫిట్టర్ల మాటలను వారి గొంతుతోనే రికార్డు చేయాలి. వారిలో చాలామందికి ఎనభై దాటాయి. నా వంతుగా నాన్నగారి సద్ది డబ్బాను, ఇత్తడి బిళ్లను ఆ గదికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

— విశ్రాంత రైల్వే ఉద్యోగి కుమారుడు, కడప