రేడియేషన్‌కు ముందే పళ్ల పరీక్ష తప్పనిసరి చేయాలి

సంపాదకులకు నమస్కారం.

నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తయి, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్న రోగులు కొందరు, ఏడాదికో నాలుగైదేళ్లకో కదిలే పన్ను తీయించుకోవడానికి మావంటి దంతవైద్యుల దగ్గరకు వస్తారు. రేడియేషన్ తీసుకున్న సంగతి వారు చెప్పరు, మాలో అందరూ అడగరు. ఆ పన్ను తీసిన చోట పుండు మానక, ఎముక బయటపడి చీము పడితే, చివరకు దవడలో కొంత భాగాన్ని కోసి తీసి, కాలి ఎముకతో మళ్లీ కట్టవలసి రావచ్చు. ఈ జబ్బును ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు.

రేడియేషన్ ఎముకలోని సన్నని రక్తనాళాలను, కొత్త ఎముకను పుట్టించే కణాలను దెబ్బతీస్తుంది. రక్తప్రసరణ తక్కువగా ఉండే కింది దవడకు ఈ ముప్పు ఎక్కువ; 60 గ్రేలకు (గ్రే అంటే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) మించి మోతాదు అందినచోట మరీ ఎక్కువ. కిరణాల తీవ్రతను క్యాన్సర్ గడ్డ ఆకారానికి తగ్గట్టు మార్చే ఐఎంఆర్‌టీ పద్ధతిలో దవడకు తగిలే మోతాదును కొంత తగ్గించవచ్చు గానీ, ఆ గడ్డ దవడ ఎముకను ఆనుకొని ఉన్నప్పుడు దవడను పూర్తిగా తప్పించడం కుదరదు. అందువల్ల దవడ రక్షణ పళ్ల దగ్గరే మొదలుకావాలి. ఇక నిలవవనుకున్న పళ్లను రేడియేషన్‌కు కనీసం 2 వారాల ముందు తీసేస్తే గాయం మానే వ్యవధి దొరుకుతుంది. అయితే పళ్ల కోసం క్యాన్సర్ చికిత్స ఆలస్యం కాకూడదు కనుక, బయాప్సీలో జబ్బు తేలిన వెంటనే రోగిని దంతవైద్యుని దగ్గరకు పంపాలి. గుట్కా, ఖైనీ అలవాటున్నవారిలో, మా ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్టను నిప్పు ఉన్న కొస నోట్లో ఉండేలా) తాగేవారిలో, చిగుళ్లు అప్పటికే పాడై ఉండటం నేను తరచూ చూస్తున్నాను. చికిత్స తరువాత లాలాజలం తగ్గి పళ్లు త్వరగా పుచ్చుతాయి కాబట్టి ఫ్లోరైడ్ పూతలు, క్రమం తప్పని పరీక్షలు జీవితాంతం అవసరం.

హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ పథకాల కింద తల, మెడ భాగాలకు రేడియేషన్ మంజూరు చేసేటప్పుడు దంత పరీక్ష నివేదికను జతచేయాలన్న నిబంధన పెట్టాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను. ఏ భాగానికి, ఎంత మోతాదు, ఎప్పుడు ఇచ్చారో తెలుగులో రాసిన చిన్న కార్డును చికిత్స ముగిసిన రోజే రోగి చేతికివ్వాలి. అది చూపితే ఏ ఊరి దంతవైద్యుడైనా పన్ను పీకే ముందు రేడియేషన్ ఇచ్చిన ఆసుపత్రిని సంప్రదించగలడు.

ఇట్లు,
ఒక దంతవైద్యురాలు,
శ్రీకాకుళం