ముందు కుర్చీ కొలువు, తర్వాత టికెట్లు తియ్యి

సింగపూర్

తమ్ముడూ,

వేసవి సెలవులకి అమ్మనీ పిల్లల్నీ తీసుకొస్తానన్నావు, సంతోషం. టికెట్లు తియ్యకముందే టేపు పెట్టి అమ్మ వీల్‌చైర్ కొలువు. సీటు వెడల్పు కాదు, ఒక పక్క చేత్తో తిప్పే రింగు బయటి అంచు నుంచి రెండో పక్క అంచు దాకా. 18 అంగుళాల సీటున్న మడత కుర్చీ మొత్తం 25, 26 అంగుళాలు వస్తుంది.

మా ఫ్లాట్లో బాత్రూమ్ తలుపు ఇరుకు, గడప ఎత్తు. అందుకే హోటలే మేలు. కానీ ‘వీల్‌చైర్‌కి పనికొస్తుందా’ అని అడక్కు. లిఫ్టు ఉంటే చాలు, ‘ఓ, వస్తుంది’ అనేస్తారు. బాత్రూమ్ తలుపు బార్లా తెరిచాక ఎన్ని అంగుళాల సందు, గడప ఎత్తెంత, కమోడ్ పక్కన కడ్డీ ఏ వైపు? టేపు పెట్టి ఫొటో తీసి పంపమను. తలుపు సందు 32 అంగుళాలుంటే హాయి. 28 అయితే తిన్నగా దూరుతుంది గానీ వేళ్లు గీసుకుంటాయి, నడవాలోంచి మలుపు తిప్పాలంటే పట్టదు. బాత్రూమ్ లోపల కుర్చీ గుండ్రంగా తిరగాలంటే 5 అడుగుల ఖాళీ కావాలి. మంచం ఎత్తెంతో కూడా వాళ్లని అడుగు. సీటు కన్నా బాగా ఎత్తైతే అమ్మని ఎత్తడానికి నీ నడుం పోతుంది.

విమానం వాళ్లతో ఊరికే ‘వీల్‌చైర్ కావాలి’ అనకు. దూరం నడవలేరు గానీ మెట్లెక్కగలరనుకుని టికెట్ మీద డబ్ల్యూసీహెచ్ఆర్ అనే కోడ్ వేసేస్తారు, తీరా చూస్తే మెట్ల దగ్గర ఆగిపోతారు. అమ్మ అసలు అడుగు వెయ్యలేని మనిషి కాబట్టి డబ్ల్యూసీహెచ్‌సీ కోడ్ వెయ్యమను. అప్పుడు సన్నటి కుర్చీలో సీటు దాకా తీసుకెళ్తారు. ప్రయాణానికి 48 గంటల ముందు మళ్లీ ఫోన్ చెయ్యి. సొంత కుర్చీ విమానం తలుపు దాకా ఉంచమను. ఫుట్‌రెస్టులు, కుషన్ విప్పి నీ చేతిసంచిలో పెట్టుకో, విడి ముక్కలే పోతాయి. విమానం టాయ్‌లెట్ మరీ చిన్నది, ఎక్కేముందే కానిచ్చెయ్యాలి.

శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా కారు, అక్కడ నిరీక్షణ, పైన 4 గంటల విమానం. అన్నీ కూర్చునే. అరగంటకోసారి అమ్మని కాస్త పైకెత్తి బరువు మార్చకపోతే పిరుదుల దగ్గర పుండు పడుతుంది.

ఇక్కడ మెట్రో స్టేషన్లన్నిటికీ లిఫ్టులున్నాయి. రైలెక్కేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి లాగు. ముందు చిన్న చక్రాలు సందులో ఇరుక్కుంటాయి, పెద్దవి ఇరుక్కోవు. బస్సులో డ్రైవరే మధ్య తలుపు దగ్గర ర్యాంపు వేస్తాడు. అమ్మ వీపు డ్రైవరు వైపు, ముఖం బస్సు వెనక వైపు ఉండాలి. గార్డెన్స్ బై ద బే చాలామటుకు చదునే, అద్దాల తోటలకి లిఫ్టుంది. లిటిల్ ఇండియాలో కొట్ల ముందు నడవాలు కొట్టుకో ఎత్తున ఉంటాయి, మధ్యలో మెట్లు. అమ్మకి నచ్చేదీ అదే, మనకి కష్టమూ అక్కడే.

ముందు ఒకసారి కళింగపట్నం బీచికి తీసుకెళ్లి చూడు. ఇసుకలో కూడా వెనక్కి తిప్పి లాగడమే. మన అరుగు మెట్లు దించేటప్పుడు కుర్చీ వెనక్కి వాల్చి, నువ్వు పై మెట్టున వెనక హ్యాండిల్స్ పట్టుకో, మరదలు ముందు నుంచి ఇనుప ఫ్రేమే పట్టుకోవాలి. ఫుట్‌రెస్టు పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది.

కొలతలు వాట్సాప్‌లో పెట్టు, హోటళ్లతో నేను మాట్లాడతాను.

నీ అక్క