చేతి వణుకును వయసని వదిలేయొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

మా నాన్న కళ్యాణదుర్గంలో 40 ఏళ్లు దర్జీ పని చేశారు. చేయి వణికి చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే అందరూ వయసు పైబడిందన్నారు. కొలతల పుస్తకంలో ఆయన అంకెలు నెలనెలకూ చిన్నవైపోయాయి. అదీ జబ్బు గుర్తేనని మాకేం తెలుసు? చూపించిన చోట బలానికి సూదిమందు వేసి పంపారు. 2 ఏళ్లు అలాగే పోయాయి. చివరికి తేలింది, పార్కిన్సన్స్ అని.

ఈ జబ్బులో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ మెదడు కణాల్లో ముద్దకడుతుంది, కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా చచ్చిపోతాయి. డోపమైన్ నేరుగా ఇస్తే మెదడులోకి చేరదు. అందుకే మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారే లెవోడోపా అనే మందు ఇస్తారు, అది దారిలోనే ఖర్చయిపోకుండా కార్బిడోపా అనే మరో మందు కలుపుతారు. జబ్బును ఆపే మందు ఇంకా రాలేదు. అయినా ఈ మాత్రతోనే నాన్న మళ్లీ సూదిలోకి దారం ఎక్కించారు. ఆ రోజు అమ్మ ఏడ్చేసింది.

సంగటీ పప్పూ తిన్నాక మాత్ర వేసినన్నాళ్లూ మధ్యాహ్నానికి ఆయన కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. భోజనంలోని ప్రోటీన్ మందుకు అడ్డుపడుతుందట. డాక్టరునడిగి తిండికి అరగంట ముందుకు మార్చాక నడక తేలికైంది. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే, కానీ మోతాదు ఒక్క తీరుగా ఉండదు. ఆ గింజల పొడిని నమ్ముకుని మాత్రలు హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ అడిగే ఆశా కార్యకర్తలు చేయి వణుకుతోందా, నడక మందగించిందా అని కూడా అడిగేలా వైద్యాధికారులు చూడాలి. ఈ మాత్రల కోసం మేం నెలనెలా అనంతపురం బస్సెక్కుతున్నాం. అవి మా ఊళ్లోనే దొరికేలా చేయాలి.

– ఒక దర్జీ కూతురు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా