భవనం లేచింది, పోలీసులు రాలేదు

ఒరేయ్ బావా,

"పోలీసు స్టేషన్ కట్టడానికి కూడా మీ దగ్గర జనం ఓట్లేస్తారా?" అని మొన్న ఫోన్లో అడిగావు చూడు, రెండు ముక్కల్లో తేలే సంగతి కాదది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. టీ పెట్టుకుని మరీ చదువు.

మీ హైదరాబాద్‌లో పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటారు. బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టులో ప్రారంభించిన కమాండ్ కంట్రోల్ సెంటర్ కూడా రాష్ట్రం కట్టించిందే. దాని ఖర్చు గురించి తేల్చే అధికారం మీ కార్పొరేటర్‌కి లేదు. ఇక్కడ అమెరికాలో, మా శాన్ హోసేలో అలా కాదు. పోలీసు శాఖ మొత్తం సిటీదే. చీఫ్‌ని నియమించేది సిటీ మేనేజర్ (అంటే ఊరి పాలన నడిపే పెద్ద అధికారి), జీతాలిచ్చేది సిటీ ఖజానా. కొత్త పోలీసు భవనం కావాలంటే మేయరూ, పదిమంది కౌన్సిల్ సభ్యులూ కూర్చుని వాదించుకోవాల్సిందే. అంత డబ్బు ఒక్కసారిగా ఉండదు కాబట్టి బాండ్లు అమ్మి అప్పు తేవాలి. ఆ అప్పు తీర్చడానికి మా ఇళ్ల మీద ఆస్తిపన్ను పెంచుతారు. అందుకని మమ్మల్ని అడగకుండా తేలేరు.

అడగడం కూడా మామూలుగా కాదు. కాలిఫోర్నియాలో 1978లో జనం ఓటేసి తెచ్చుకున్న ప్రపోజిషన్ 13 అనే చట్టం అసలు ఆస్తిపన్నుని ఆస్తి విలువలో ఒక శాతం దగ్గర కట్టేసింది. దాని పైన సిటీ బాండ్ల కోసం వడ్డించాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. బడుల బాండ్లకి మాత్రం 2000 సంవత్సరం నుంచి 55 శాతం వస్తే చాలు. ఊళ్లు వేసే బాండ్లలో కొన్నిటికైనా అదే లెక్క పెడదామని 2024 నవంబర్‌లో ప్రపోజిషన్ 5 తెచ్చారు, ఓడిపోయింది.

ఇప్పుడు నిజంగా నీకు చెప్పాలనుకున్న కథ. మా ఊరు దాదాపు 180 చదరపు మైళ్లు. పోలీసు హెడ్‌క్వార్టర్స్ డౌన్‌టౌన్‌కి కాస్త ఉత్తరంగా ఉంటుంది. దక్షిణం వైపు డ్యూటీకి వెళ్లే వాళ్లు కూడా అక్కడి నుంచే బయల్దేరాలి. అందుకని 2002లో మెజర్ ఓ అనే పేరుతో 15.9 కోట్ల డాలర్ల బాండ్‌ని ఓటింగ్‌కి పెడితే జనం ఒప్పుకున్నారు. ఫైర్ స్టేషన్లు, పోలీసు వసతులు, దక్షిణాన ఒక పెద్ద పోలీసు సబ్‌స్టేషన్ (ఉప స్టేషన్), అన్నీ అందులోనే. సబ్‌స్టేషన్‌కే సుమారు 9 కోట్ల డాలర్లు అయింది. 2010లో గ్రేట్ ఓక్స్ పార్క్‌వేలో భవనం సిద్ధమైంది. చక్కటి కట్టడం రా, లక్ష చదరపు అడుగులు పైనే.

కానీ తలుపులు తెరవలేదు. ఈలోగా 2008 మాంద్యం వచ్చిపడింది, సిటీ ఆదాయం పడిపోయింది, పెన్షన్ల బరువు పెరిగింది. 2011లో 66 మంది పోలీసుల్ని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ తర్వాత జీతాలూ పెన్షన్ల గొడవలతో ఇంకా చాలామంది పక్క ఊళ్లకి వెళ్లిపోయారు. ఒకప్పుడు 1400 దాకా ఉన్న బలగం వెయ్యి లోపుకి దిగింది. కొత్త భవనం నడపడానికి మనుషులేరీ? ఏనుగుని కొని మావటి జీతం కోసం వెతుక్కున్నట్టయింది.

"ఆ బాండ్ డబ్బులోంచే జీతాలివ్వొచ్చుగా" అంటావేమో. కుదరదు. ఆస్తిపన్ను మీద తీర్చే ఈ బాండ్ల సొమ్ముతో స్థలం కొనొచ్చు, భవనం కట్టొచ్చు, బాగుచేయించొచ్చు, అంతే. జీతాలు, కరెంటు బిల్లులు, ఊడ్చేవాళ్ల కూలీ, ఇవన్నీ ఏటా వచ్చే మామూలు బడ్జెట్‌లోంచే రావాలి. ఈ సంగతి కౌన్సిల్‌కి తెలియక కాదు. బాండ్ మీద చర్చ జరిగేటప్పుడు ఎన్ని కోట్లు, ఏ స్థలం, ఇంటికెంత పన్ను అన్న దగ్గరే మాటలన్నీ తిరుగుతాయి. కట్టాక ఏటా ఎంతవుతుంది, అదెక్కణ్ణించి తెస్తారు అన్నది వెనక్కి పోతుంది. నాకు కోపం వచ్చేది అక్కడే. దక్షిణాన ఉండే మా కుటుంబాలు ఆ బాండ్‌కి పన్ను కడుతూనే ఉన్నాయి, భవనం మాత్రం ఏళ్ల తరబడి పోలీసు శిక్షణకి వాడుకునే చోటుగా మిగిలిపోయింది.

2018లో మళ్లీ మెజర్ టి అని ఇంకో బాండ్ ఓటింగ్‌కి వచ్చింది, 65 కోట్ల డాలర్లు. అందులో 30 కోట్లు రోడ్లకి. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో కయోటీ క్రీక్ పొంగి 14 వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించిన వరద నీకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో రోజూ ఫోన్ చేసేవాడివి. అందుకే వరద నీటికి చోటివ్వడానికి కయోటీ వ్యాలీలో భూమి కోసం 5 కోట్ల దాకా పెట్టారు. పోలీసులకి వేరే శిక్షణా కేంద్రం కూడా చేర్చారు, అలాగైతే సబ్‌స్టేషన్‌ని అసలు పనికి వదలొచ్చని. అదీ గెలిచింది. నాకు ఆ శిక్షణా కేంద్రం అవసరమే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. పాత తప్పుని దిద్దడానికి ఇంకో అప్పు చేయాల్సి రావడమే బాధ.

నా పట్టుదల ఒక్కటే. పోలీసు భవనం బాండ్ బ్యాలెట్ మీదికి వచ్చేటప్పుడు, పదేళ్ల నిర్వహణ ఖర్చు, అక్కడ పనిచేయాల్సిన మనుషుల సంఖ్య దాని పక్కనే అచ్చువేయాలి. కౌన్సిల్ మీటింగుల్లో మామూలు జనానికి మాట్లాడే సమయం ఇస్తారు, తక్కువే అయినా ఇస్తారు. అక్కడ ఈ మాటే చెబుతున్నాను, చెబుతూనే ఉంటాను.

మీ వైపు కూడా బాండ్లు కొత్తేం కాదుగా. 2018లో జీహెచ్ఎంసీ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయలు తెచ్చింది, అదే ఏడాది అమరావతి కోసం సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) 10.32 శాతానికి 2000 కోట్ల రూపాయలు తెచ్చింది. వాటికి జనం ఓటు లేదు, కొనేవాళ్లుంటే చాలు. నువ్వెలాగూ పని మీద కార్పొరేషన్ ఆఫీసు వైపు వెళుతుంటావు కదా, ఆ 200 కోట్లతో కట్టినవాటి నిర్వహణకి ఏటా ఎంత పెడుతున్నారో బడ్జెట్ పుస్తకంలో చూసి రాయరా. అత్తయ్యకి నా నమస్కారాలు.

నీ
శాన్ హోసే బావ