తీసుకున్న చోటే ఎందుకు తిరిగివ్వాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మా ఆస్తి పన్ను రసీదు ఫైల్లో పెడుతూ వివరాలు చదివాను. అందులో లైబ్రరీ సెస్ అని ఒక పద్దు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద, పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు. హైదరాబాద్‌లో సొంత ఇల్లున్నవాళ్లు నేరుగా కడుతున్నారు, అద్దెకున్నవాళ్లు అద్దెలో కలిపి కడుతున్నారు. ఆ డబ్బు కట్టినందుకు నాకు ఏ బాధా లేదు, చిన్నప్పటి నుంచి లైబ్రరీ పుస్తకాలు చదివి పెరిగినదాన్ని. ఆ పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకోవడమే రానురాను కష్టమైపోతోందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి కూకట్‌పల్లిలో దిగుతాను. పోను ముప్పావు గంట, రాను ముప్పావు గంట. రోజు మొత్తంలో నాకంటూ మిగిలేది ఆ గంటన్నరే. అమీర్‌పేట వచ్చేదాకా సీటు దొరకదు కాబట్టి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో పుస్తకం పట్టుకుని, బొటనవేలితో పేజీ తిప్పడం అలవాటైంది. లావు నవలైతే మణికట్టు లాగేస్తుంది. అందుకే నవలలు సెలవు రోజులకి, కథల సంపుటాలు మెట్రోకి. వారానికి ఒకటి అయిపోతుంది. అన్నీ కొని చదవాలంటే నా జీతం చాలదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరుకున్నా ఎన్నని తెచ్చుకుంటాం?

మా ఇంటికి దగ్గర్లోనే ఒక శాఖా గ్రంథాలయం ఉంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర అవుతుంది. అప్పటికి చదువుకునే హాలు నిండుగా ఉంటుంది, పుస్తకాలిచ్చే కౌంటర్ మాత్రం మూసేసి ఉంటుంది. పేపర్లు సర్దడానికీ, రిజిస్టర్ రాయడానికీ, పుస్తకం వెతికి ఇవ్వడానికీ ఉన్నది ఒక్కరే. ఆయన్ని ఏమనగలం? హాల్లో కూర్చున్న పిల్లలంతా గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదువుతున్నవాళ్లు. జిల్లాల నుంచి వచ్చి హాస్టల్ గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుంటున్నవాళ్లకి ఆ కుర్చీ, ఆ ఫ్యాను ఎంత ఆసరానో కళ్లారా చూస్తున్నాను. వాళ్లకి ఒక్క కుర్చీ కూడా తగ్గకూడదు. నాకు కుర్చీ అక్కర్లేదు, బీరువా తాళం తీస్తే చాలు.

పోయిన శనివారం సగం పూట సెలవు పెట్టుకుని వెళ్లాను. ఒక కథల సంపుటి తీసి వెనక అట్ట లోపల అతికించిన తేదీల కాగితం చూశాను. పై వరుసల్లో ఊదా సిరా ముద్రలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. 1994 ఒక్క ఏడాదిలోనే పదకొండు ముద్రలు, అంటే పదకొండు సార్లు ఎవరో ఒకరి ఇంటికి వెళ్లొచ్చింది ఆ పుస్తకం. తర్వాత ముద్రలు పలచబడుతూ వచ్చి 2011 దగ్గర ఆగిపోయాయి. కింద సగం కాగితం ఖాళీ. నాకు ముద్ర వేయడానికి ఆయన స్టాంప్ ప్యాడ్ తీస్తే అది ఎండిపోయి ఉంది. నాలుగు నీటి చుక్కలు చల్లి, వేలితో అద్ది, వేశారు. ఆ తేదీ సరిగ్గా పడనే లేదు.

ఏ ఊరు వెళ్లినా అక్కడి గ్రంథాలయం చూసి రావడం నాకు అలవాటు. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం కోసమే ఒకసారి రైలు దిగాను. ఆ వైపు తిరిగినప్పుడే పాతూరి నాగభూషణం గారి పడవ గ్రంథాలయం గురించి విన్నాను. పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు వెళ్లేవట. జనం తిరిగే దారిలోకే పుస్తకాన్ని తీసుకెళ్లారు. మన నగరానికీ ఇలాంటి చరిత్ర తక్కువేమీ లేదు. తెలుగుకి ఆదరణ లేని రోజుల్లో, 1901లో, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం.

ఇప్పుడు జనం తిరిగే దారి మెట్రో. రెండు లైన్లు కలిసే ఎంజీబీఎస్ స్టేషన్లో ఒక చిన్న కౌంటర్ పెట్టి, రాత్రి తొమ్మిది దాకా పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుంటే ఎంతమందికి ఉపయోగమో! అది వెంటనే కాకపోయినా, ఒక శాఖలో తీసుకున్న పుస్తకాన్ని నగరంలో ఏ శాఖలోనైనా తిరిగిచ్చే వీలు కల్పించండి. సభ్యత్వ కార్డు ఒక్కటే ఉంటే చాలు. ఆఫీసు పక్కనున్న శాఖలో ఇవ్వబోతే "మీది అక్కడే ఇచ్చుకోవాలమ్మా" అన్నారు. సాయంత్రం కౌంటర్‌కి మనుషులు లేరంటారేమో. ఆ హాల్లో చదువుకుంటున్న పిల్లల్లోనే ఇద్దరికి రోజూ రెండు గంటల పని చూపించి, తగిన డబ్బు ఇవ్వండి. వాళ్ల హాస్టల్ ఖర్చుకీ పనికొస్తుంది.

నేను తెచ్చుకున్న సంపుటి గడువు వచ్చే గురువారంతో అయిపోతుంది. ఆ రోజు మా ఆఫీసులో ఆడిట్. గంట ముందు పర్మిషన్ దొరుకుతుందో లేదో చూడాలి.

— ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్